‘ది పెంటగాన్ వార్స్’లో చూపించింది ఎంత నిజం? బ్రాడ్లీ అంత పనికిమాలిన బండేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. అమెరికా సైన్యం పదాతి దళాన్ని మోసుకెళ్ళి పోరాడే కవచ వాహనం బ్రాడ్లీ తయారీ మీద 1998లో హెచ్‌బీవో తీసిన ‘ది పెంటగాన్ వార్స్’ చూశారు. పదకొండు మందిని మోయాల్సిన బండి చివరికి ఆరుగురిని మోసే బండిగా తేలడం, పరీక్షలో ఇంధనం బదులు నీళ్ళు నింపడం చూసి నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. ఇందులో ఎంత నిజం, ఎంత కల్పన? బ్రాడ్లీ నిజంగానే అంత చెత్త బండా? 435 డాలర్ల సుత్తి కథ కూడా నమ్మొచ్చా?

సూటిగా చెప్తాను. పరీక్షల గురించి సినిమా లేవనెత్తిన ప్రశ్నలు చాలావరకు న్యాయమైనవి. డిజైన్ గురించి చెప్పింది చాలావరకు అన్యాయం. డబ్బు లెక్క సగం సగం. బండి మాత్రం చెత్తది కాదు. అది చెత్తది కాకుండా పోవడానికి సినిమాలో చూపించిన గొడవ కూడా ఒక కారణం.

ముందు కథకు ఆధారం తెలుసుకోవాలి. అమెరికా వైమానిక దళ కర్నల్ జేమ్స్ బర్టన్ 1993లో ఇదే పేరుతో పుస్తకం రాశాడు. 1980లలో రక్షణ మంత్రి కార్యాలయం తరఫున ఆయుధ పరీక్షల మీద పోరాడినవాడాయన. కాబట్టి పరీక్షల విషయంలో ఆయనది కళ్ళారా చూసిన సాక్ష్యం, కాకపోతే ఒక పక్షం సాక్ష్యం. ఆయన ఆరోపణల్లో చాలావాటిని సైన్యం ఒప్పుకోలేదు. ఇక డిజైన్ నిర్ణయాలు చాలావరకు ఆయన రంగంలోకి దిగకముందే జరిగిపోయాయి. కెల్సీ గ్రామర్ వేసిన జనరల్ పార్ట్‌రిడ్జ్, రిచర్డ్ షిఫ్ వేసిన, బండి డిజైన్ చూసే కర్నల్ స్మిత్ కల్పిత పాత్రలు. ఎన్నో కమిటీలు ఏళ్ళ తరబడి చేసిన పనిని స్మిత్ ఒక్కడి నెత్తిన పెట్టి పది నిమిషాల్లో చెప్పేశారు. హాస్యానికి అది తప్పదు, ఆ సీను అద్భుతంగా పండింది కూడా. చరిత్రగా మాత్రం చూడకండి.

ఆరు సీట్ల సంగతి

సినిమాలో జనరల్స్ ఒకరి తర్వాత ఒకరు వచ్చి "దీనికి ఫిరంగి ఏది, క్షిపణి ఏది, కిటికీలు ఏవి" అని తోచినట్టు తగిలించిపోతారు. సినిమా చెప్పనిదేమిటంటే, 1967లో మాస్కో పరేడ్‌లో సోవియట్లు బీఎంపీ-1 చూపించారు. దానికి 73 మిల్లీమీటర్ల ఫిరంగి, పైన టాంకులను కొట్టే మల్యుత్కా క్షిపణి, లోపల కూర్చున్న సైనికులు కాల్చడానికి కంతలు ఉన్నాయి. 1971లో పశ్చిమ జర్మనీ 20 మిల్లీమీటర్ల గన్నుతో మార్డర్ దించింది. అప్పటికి అమెరికా పదాతి దళం దగ్గరున్నది ఎం113. మెషీన్ గన్ బిగించిన అల్యూమినియం పెట్టె అది, యుద్ధం దగ్గరకు తీసుకెళ్ళి దింపడానికే తప్ప యుద్ధం చేయడానికి కాదు. కాబట్టి ఫిరంగి, క్షిపణి, కంతలు ఏ జనరల్‌కో అర్ధరాత్రి వచ్చిన కలలు కావు. అవన్నీ ఎదుటివాడి దగ్గర ఉన్నాయి.

1972లో ఎఫ్‌ఎంసీ కంపెనీకి ఇచ్చిన కాంట్రాక్టు ఎక్స్ఎం723 అనే నమూనాకు. అందులో ఒక్కరు కూర్చునే టరెట్ (బండి పైన తిరిగే గన్ను గది), 20 మిల్లీమీటర్ల గన్ను. 1973 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధంలో టాంకు విధ్వంసక క్షిపణులు ఏం చేయగలవో లోకమంతా చూసింది. 1976లో జనరల్ లార్కిన్ నేతృత్వంలోని బృందం ఇద్దరు కూర్చునే టరెట్, 25 మిల్లీమీటర్ల గన్ను, టాంకులను కొట్టే టో క్షిపణి కావాలని తేల్చింది. సీట్లు పోయింది ప్రధానంగా ఇక్కడే.

ఇద్దరి టరెట్ ఎందుకు? ఒక్కరి టరెట్‌లో గన్నర్ పైన ఉంటాడు, కమాండర్ కింద బండి పొట్టలో ఉంటాడు. చుట్టూ చూడాల్సినవాడికి టరెట్టే అడ్డం. కదిలే బండి నుంచి పోరాడాలంటే కమాండర్ గన్నర్ పక్కనే, అంతే ఎత్తులో ఉండాలి. కానీ ఇద్దరు పట్టాలంటే టరెట్ కింద తిరిగే బుట్ట పెద్దదవుతుంది. అది పూర్తి వృత్తం తిరగాలి కాబట్టి చుట్టూ దేన్నీ పెట్టకూడదు. ఆ ఖాళీ అంతా సైనికుల చోటులోంచే పోతుంది. పైగా 25 మిల్లీమీటర్ల గుళ్ళు 900, వాటిలో వెంటనే కాల్చడానికి సిద్ధంగా ఉండేవి 300, మిగతా 600 లోపల సర్దాలి. టో క్షిపణులు 7, రెండు లాంచర్‌లో, ఐదు లోపల. ఇవన్నీ ఎవరి మోకాళ్ళ దగ్గరో ఉండాల్సిందే.

తర్వాత జరిగింది మరీ విచిత్రం. బ్రాడ్లీ స్థానంలో తొమ్మిది మంది పట్టే బండి కావాలని అమెరికా సైన్యం గ్రౌండ్ కంబాట్ వెహికల్ పథకం పెట్టింది. తొమ్మిది మంది, వాళ్ళందరికీ సరిపడా కవచం అనేసరికి అంచనా బరువు అబ్రామ్స్ టాంకు స్థాయికి చేరింది. 2014లో పథకం ఎత్తేశారు. 2023లో నమూనాల కోసం రెండు కంపెనీలకు ఇచ్చిన ఎక్స్ఎం30లో నడిపేవాళ్ళు ఇద్దరు, వెనక సైనికులు ఆరుగురు. స్మిత్ సీను చూసి ఆరు అంకెకు నవ్వుకున్నాం గానీ, ఆ కొలతలకు భౌతికశాస్త్రం ఇచ్చే జవాబు అదే.

కంతల విషయంలో మాత్రం సినిమా వెక్కిరింత నూటికి నూరుపాళ్ళు సరైనది. మొదట ఆరు కంతలు: అటు రెండు, ఇటు రెండు, వెనక తలుపులో రెండు. వాటి కోసం ప్రత్యేకంగా ఎం231 అనే తుపాకీ చేయించారు. ఎగుడుదిగుడు నేల మీద పోతున్న బండిలోంచి పెరిస్కోపులో చూస్తూ ఆ తుపాకీతో గురిపెట్టడం అయ్యే పని కాదు. ప్రతి కంతా కవచంలో బలహీన చోటు. తర్వాతి ఏ2 రకంలో పక్కలకు అదనపు కవచం వేసేసరికి పక్క కంతలు మూతపడ్డాయి.

నిజమైన డిజైన్ లోపం విడివిడి కోరికల్లో లేదు. ఏ కోరికకు ఎంత మూల్యమో ఆ కోరిక కోరినవాడికి ఎవరూ చెప్పకపోవడంలో ఉంది. తిలాపాపం తలా పిడికెడు. సరిగ్గా నడిచే ప్రాజెక్టులో ప్రతి మార్పు కాగితం మీద ఐదు గడులు నిండాలి: ఎన్ని కిలోలు పెరుగుతుంది, లోపల ఎంత చోటు పోతుంది, ఎంత కరెంటు లాగుతుంది, ఎన్ని నెలలు ఆలస్యం, ఎంత ఖర్చు. ఆరో గడి చాలా చోట్ల ఉండనే ఉండదు: దీని బదులు ఏది తీసేస్తున్నారు? అది ఖాళీగా ఉంటే సంతకం చేయకూడదు.

గొలుసుకట్టు బండ్లలో బరువు ఒంటరిగా రాదు. బ్రాడ్లీ మొదటి రకం దాదాపు 23 టన్నులు. కవచం పెంచిన ఏ2 దాదాపు 30 టన్నులు. ఆ బరువు లాగడానికి 500 హార్స్‌పవర్ ఇంజన్ చాలక 600 పెట్టారు. ఇంజన్ మారితే గేర్‌బాక్సు, చల్లార్చే వ్యవస్థ మీద భారం మారుతుంది. సస్పెన్షన్ బార్లు, చక్రాలు, ట్రాక్ ప్యాడ్లు త్వరగా అరుగుతాయి. నీళ్ళలో తేలే గుణం, విమానంలో ఎక్కించే వీలు మొదట గట్టిగా అడిగిన షరతులు. బరువు పెరిగేకొద్దీ నీరుగారిపోయేవి అవే.

పరీక్షల సంగతి: ఇక్కడ నిదానంగా చదవండి

బర్టన్ ప్రధాన ఆరోపణలు ఇవి. బండిలో అసలు మందుగుండు బదులు ఉత్తుత్తి గుళ్ళు పెట్టారు, ఇంధనం ట్యాంకుల్లో నీళ్ళు నింపారు, అసలు సోవియట్ రాకెట్ బదులు బలం తక్కువ రుమేనియా సరుకు వాడారు, ఎక్కడ కొడితే మందుగుండు అంటుకోదో ఎంచుకుని కొట్టారు. సినిమాలో కనిపించేవన్నీ వీటి మీద అల్లినవే.

ఇందులో మోసం ఏది, పద్ధతి ఏది అన్నది తెలియకపోతే అన్నీ మోసంలాగే కనిపిస్తాయి. ఖాళీ బండి మీద, ఉత్తుత్తి గుళ్ళతో కొట్టడం దానంతటదే తప్పు కాదు. అసలు మందుగుండుతో కొడితే బండి తగలబడిపోతుంది, సెన్సర్లు కాలిపోతాయి, చివరికి మీకు మిగిలే సమాచారం "పేలింది" అన్న ఒక్క ముక్క. అదే బండిని మందుగుండు లేకుండా పది చోట్ల కొడితే ముక్కలు ఎటు ఎగిరాయో, పీడనం ఎంత పెరిగిందో పది లెక్కలు దొరుకుతాయి. సైన్యం ప్రయోగశాల వాదన ఇదే. తీసిపారేయదగ్గ వాదన కాదు.

తప్పు ఎక్కడంటే, ఆ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయి "బండి పాసయింది" అని రాయడంలో. యుద్ధానికి వెళ్ళే బండి నిండుగా వెళ్తుంది. నిండు బండిని కొట్టకుండా నిండు బండి గురించి తీర్పు చెప్పకూడదు.

ఇంకో అపోహ కూడా ఉంది. "ఆర్‌పీజీ (భుజం మీంచి వదిలే రాకెట్) బ్రాడ్లీని చీల్చుకుపోయింది, కాబట్టి చెత్త" అంటారు. బ్రాడ్లీని అడిగిన రక్షణ స్థాయి 14.5 మిల్లీమీటర్ల మెషీన్ గన్ తూటాలు, ఫిరంగి గుండ్ల ముక్కల వరకే. ఆర్‌పీజీ-7 లాంటి షేప్‌డ్ చార్జ్ రాకెట్ రాగి గిన్నెను సన్నని ధారగా మార్చి సెకనుకు కొన్ని కిలోమీటర్ల వేగంతో పంపుతుంది. అప్పటి పదాతి బండి ఏదైనా దానికి చిల్లు పడాల్సిందే. అడగాల్సిన ప్రశ్న చిల్లు పడిందా అని కాదు, పడ్డాక లోపల ఎంతమంది బతికారని. బర్టన్ పట్టు పట్టింది దీని మీదే. రాసిన షరతు మేరకే పరీక్షిస్తామన్నది సైన్యం పక్షం. శత్రువు దగ్గరున్న ఆయుధంతో పరీక్షించాలన్నది ఆయన పక్షం.

చిల్లు పడ్డాక లోపల నాలుగు జరుగుతాయి. ధార తగిలినవాడు పోతాడు, అది ఒకరిద్దరికి. కవచం లోపలి ముఖం నుంచి పెచ్చులు శంఖువు ఆకారంలో చిమ్ముతాయి, ఎక్కువమంది గాయపడేది వీటితో. బ్రాడ్లీ కవచంలోని అల్యూమినియం సన్నని ధూళిగా మారి గాలిలో మండుతుంది, కళ్ళు చెదిరే మెరుపు, ఒక్కసారిగా వేడి, పీడనం. ఆ తర్వాత మందుగుండు గానీ ఇంధనం గానీ అంటుకుంటే ఇక మిగిలేది లేదు. సినిమాలో పరీక్ష కోసం గొర్రెలను తెచ్చే సీను నవ్వించడానికే ఉన్నా, దాని వెనకున్న ప్రశ్న అసలైనది: బొమ్మ మనిషి ఊపిరి పీల్చడు. పొగ, వేడి, పీడనం ఊపిరితిత్తులను ఏం చేస్తాయో బొమ్మ చెప్పలేదు. అందుకే గాలి నమూనాలు తీసే గొట్టాలు, పీడనం సెన్సర్లు పెట్టాలి.

అల్యూమినియం వాడటమే దుర్మార్గం అన్నట్టు సినిమా ధ్వనిస్తుంది. అంత సులువు కాదు. అదే బరువుకు అల్యూమినియం పలక మందంగా వస్తుంది, మందం వల్ల బిగుతు వస్తుంది, లోపల ఉక్కు చట్రం అవసరం తగ్గుతుంది. ముక్కల నుంచి రక్షణ బాగానే ఇస్తుంది. ధర చెల్లించేది షేప్‌డ్ చార్జ్ తగిలినప్పుడు.

ఇలాంటి పరీక్షను నిజాయితీగా చేసే వరుస ఇది. ముందు విడి పలకల మీద కొట్టి చిల్లు, పెచ్చుల కోణం కొలుస్తారు. తర్వాత మందుగుండు పెట్టెను, ఇంధనం ట్యాంకును విడివిడిగా కొడతారు. తర్వాత ఖాళీ బండిలో సెన్సర్లు, హైస్పీడ్ కెమెరాలు, బొమ్మ మనుషులు, పెచ్చుల జాడ పట్టే సాక్షి పలకలు పెట్టి కొడతారు. చివరగా నిండు బండి: అసలు ఇంధనం, అసలు మందుగుండు, సైనికుల సంచులు, ఆయిల్, నడుస్తున్న ఇంజన్, పనిచేస్తున్న మంటలార్పే వ్యవస్థ. ఆ వ్యవస్థ మంటను కొన్ని మిల్లీసెకన్లలో పసిగట్టి పావు సెకనులోపు ఆర్పాలి. దాన్ని ఆపేసి కొట్టినా, ముందే సిద్ధం చేసి కొట్టినా లెక్క తప్పుతుంది.

ఎక్కడ కొట్టాలన్నది అన్నిటికన్నా పెద్ద తగాదా. డిజైన్ చేసినవాడిని ఎంచుకోమంటే గట్టి చోటు చూపిస్తాడు. విమర్శించేవాడిని ఎంచుకోమంటే నేరుగా మందుగుండు పెట్టె చూపిస్తాడు. యుద్ధంలో దెబ్బలు ఏ దిక్కు నుంచి, ఏ ఎత్తున తగిలాయో గత లెక్కలు తీసుకుని, వాటిలోంచి చీటీలు తీసినట్టు ఎంపిక చేయడమే మధ్యేమార్గం. ఆ చీటీలు పరీక్షకు ముందే తీసి, రాసి, సంతకాలు చేయించాలి. పాస్, ఫెయిల్ కొలబద్దలు కూడా అంతే. దెబ్బ తగిలాక కొలబద్ద రాస్తే అందరూ పాసే.

రిపోర్టు చేతికొస్తే నేరుగా అనుబంధంలోకి వెళ్ళి మూడు పంక్తులు చూడండి: బండిలో ఏం నింపారు, కొట్టిన ఆయుధం ఏ దేశానిది, ఏ లాటుది, గురి చోట్లు ఎవరు ఎంచారు. సారాంశం పేజీలో "లక్ష్యాలు నెరవేరాయి" అని ఎప్పుడూ ఉంటుంది.

గొడవ ఫలితం? సాయుధ దళాల పరీక్షలను బయటి నుంచి చూసే కార్యాలయాన్ని కాంగ్రెస్ 1983లోనే పెట్టించింది. 1986లో చట్టం చేసి, మనుషులు ఎక్కే పెద్ద ఆయుధ వ్యవస్థలను యుద్ధానికి సిద్ధమైన నిండు స్థితిలో, అసలు ఆయుధాలతో కొట్టి చూడకుండా పూర్తి స్థాయి ఉత్పత్తికి పోకూడదంది. ఖర్చు మరీ ఎక్కువ, ఆచరణ సాధ్యం కాదని రక్షణ మంత్రి రాతపూర్వకంగా కాంగ్రెస్‌కు చెప్పి మినహాయింపు తీసుకోవచ్చు. అప్పుడు ప్రత్యామ్నాయ ప్రణాళిక చూపించాలి. ఆ సంవత్సరమే బర్టన్ పదవీ విరమణ చేశాడు. సినిమా చివరలో చేదు అదే.

1988 నుంచి వచ్చిన ఏ2 బ్రాడ్లీలో అదనపు కవచం, లోపల పెచ్చులను ఆపే కెవ్లార్ పొర వచ్చాయి. 1991 గల్ఫ్ యుద్ధానికి దాదాపు 2,200 బ్రాడ్లీలు వెళ్ళాయి. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 1992 నివేదిక ప్రకారం 20 ధ్వంసమయ్యాయి, అందులో 17 సొంతవాళ్ళ కాల్పుల్లోనే. ఆ యుద్ధం బయటపెట్టిన లోపం సినిమాలో ఎక్కడా లేదు: ఇంత ఖర్చుపెట్టిన బండిలో లేజర్ దూరమాపకం లేదు. ఎడారిలో లక్ష్యం టో పరిధి 3,750 మీటర్ల లోపల ఉందో బయట ఉందో గన్నర్ కంటితో అంచనా కట్టాల్సి వచ్చింది. తర్వాతి మార్పుల్లో అది పెట్టారు. 2024 జనవరిలో ఉక్రెయిన్‌లోని స్తెపోవె దగ్గర రెండు బ్రాడ్లీలు టీ-90ఎం టాంకును 25 మిల్లీమీటర్ల గన్నులతో కాల్చి పనికిరాకుండా చేసిన వీడియో మీరూ చూసే ఉంటారు. దాన్ని చూపి "సినిమా అంతా అబద్ధం" అనేవాళ్ళున్నారు. కాదు. ఉక్రెయిన్‌కు వెళ్ళింది పరీక్షల గొడవ తర్వాత మారిన బండి.

నిజంగా సినిమాకు తగ్గ వస్తువు కావాలంటే, విమానాలను, హెలికాప్టర్లను కూల్చడానికి చేసిన సార్జెంట్ యార్క్ అనే బండి ఉంది. పాత టాంకు చాసిస్ మీద ఎఫ్-16 యుద్ధవిమానం రాడార్ నుంచి తీసిన రాడార్, రెండు 40 మిల్లీమీటర్ల గన్నులు. ఆకాశంలో విమానాన్ని పట్టడానికి చేసిన రాడార్‌కు నేల దగ్గర చెట్ల మధ్య దాక్కునే హెలికాప్టర్ దొరకదు. దాదాపు 180 కోట్ల డాలర్లు పోశాక 1985లో రక్షణ మంత్రి వైన్‌బర్గర్ రద్దు చేశాడు.

ఇక డబ్బు

సినిమా చెప్పే అంకెలు 17 ఏళ్ళు, 1,400 కోట్ల డాలర్లు. ఏళ్ళ సంగతి, 1960ల నాటి మొదటి ఆలోచన నుంచి లెక్కేస్తే సరిపోతుంది, 1972 కాంట్రాక్టు నుంచి 1981 ఉత్పత్తి వరకైతే తొమ్మిదేళ్ళే. 1,400 కోట్లు మాత్రం ఒక్క డిజైన్‌కే తగలేసినట్టు వినిపిస్తుంది. అమెరికా సైన్యానికి తయారైన 6,700 పైచిలుకు బండ్లతో ఆ మొత్తాన్ని భాగించి చూడండి, ఒక్కోటి 20 లక్షల డాలర్ల చిల్లర వస్తుంది. అది మొత్తం కొనుగోలుకు సరిపోయే అంకె.

435 డాలర్ల సుత్తి 1980ల నాటి నిజమైన బిల్లే. సుత్తి అసలు ధర 15 డాలర్ల దరిదాపుల్లోనే. కాంట్రాక్టులో ఉన్న ఇంజనీరింగ్, ఆఫీసు ఖర్చులను జాబితాలో ఉన్న ప్రతి వస్తువుకూ సమానంగా పంచే పద్ధతి ఉండేది. ఖరీదైన ఎలక్ట్రానిక్ పెట్టెకూ అంతే వాటా, సుత్తికీ అంతే వాటా. సుత్తి పక్కన ఆ వాటా కళ్ళలో పడింది, పెట్టె పక్కన పడలేదు. సుత్తి గొడవలో అసలు అడగాల్సింది, ఆ మొత్తం ఓవర్‌హెడ్ అంత ఎందుకైంది అని. దాన్ని ఎవరూ కార్టూన్ వేయలేకపోయారు.

పెద్ద డబ్బు పోయే దారి వేరు. వెయ్యి కొంటామని అంచనా వేసి, ఖర్చు పెరిగిందని నాలుగు వందలకు కోస్తారు. ఫ్యాక్టరీ, పరికరాలు, డిజైన్ ఖర్చు మారదు, ఒక్కో బండి ధర మాత్రం ఎగబాకుతుంది. అది చూసి మళ్ళీ కోస్తారు. దీనికి కళ్ళెం వేయాలని 1980ల మొదట్లో నన్-మెకర్డీ చట్టం తెచ్చారు: ఒక్కో యూనిట్ ధర అంచనాకన్నా 15 శాతం దాటితే కాంగ్రెస్‌కు చెప్పాలి, 25 శాతం దాటితే పథకం ఎందుకు బతకాలో వివరించాలి. పథకాలు నడిపే కార్యాలయాలు తప్పించుకునే మార్గం కనిపెట్టాయి. మధ్యలో అంచనానే కొత్తగా రాస్తే పెరుగుదల మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. 2006లో దాన్ని మూయడానికి మొట్టమొదటి అంచనాతో కూడా పోల్చాలని, అక్కడ 30, 50 శాతం గీతలు పెట్టారు. కాబట్టి ఏ ఆయుధం గురించైనా "ఖర్చు 8 శాతమే పెరిగింది" అని చదివితే, ఏ సంవత్సరం అంచనా మీద, ఎన్ని కొనే లెక్క మీద అని చూడండి. ఈ రెండూ లేని శాతానికి అర్థం ఉండదు.